మోరిస్ బృందానికి బ్యాగ్‌మన్‌గా ఏడాది పని ఎలా నడపాలి

ఇంగ్లండ్‌లో వేసవి సాయంత్రం ఏదో ఒక పబ్ ముందు ఆరుగురు కనిపిస్తారు. మోకాళ్ళ కింద గజ్జెల పట్టీలు కట్టుకుని, చేతుల్లో తెల్ల రుమాళ్ళో కర్రలో పట్టుకుని, మెలోడియన్ (చిన్న అకార్డియన్ లాంటి వాద్యం) వాయింపుకు ఎగిరి ఆడుతుంటారు. అది మోరిస్ డ్యాన్స్. దాని గురించి దొరికిన అతి పాత రాత 1448 నాటిది. లండన్ స్వర్ణకారుల సంఘం మోరిస్ ఆడినవాళ్ళకు 7 షిల్లింగులు ఇచ్చినట్టు పద్దు రాసుకుంది. ఆ రోజు ఆ గుమాస్తా ఆ ఒక్క లైను రాయకపోయి ఉంటే మనకు ఆ సాక్ష్యమే ఉండేది కాదు.

మోరిస్ బృందంలో అలాంటి గుమాస్తా పని చేసే మనిషిని బ్యాగ్‌మన్ అంటారు. ఆ పని చేయబోయేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో స్థిరపడి, దగ్గర్లోని మోరిస్ బృందంలో చేరిన తెలుగువాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. ఆడటానికి ముందుకొచ్చేవాళ్ళు ఉంటారు గానీ ఉత్తరాలు రాయడానికి, లెక్కలు చూడటానికి మనుషులు దొరకరు. అందుకే కొత్తగా చేరినవాళ్ళను కూడా త్వరలోనే ఈ పని చూస్తారా అని అడుగుతారు. అడిగితే ఒప్పుకోండి. బృందాన్ని లోపలినుంచి తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ముందు ఎవరి పని ఏదో తెలుసుకోండి

బృందాన్ని అక్కడ సైడ్ అంటారు. చాలా సైడ్లలో ముగ్గురు ముఖ్యులుంటారు. స్క్వైర్ నాయకుడు. బయట ఆడేటప్పుడు ఏ డ్యాన్స్ ఎప్పుడు, ఎవరు దిగాలి అన్నది ఆయన లేదా ఆమె మాటే. ఫోర్‌మన్ నేర్పించేవారు. అడుగు ఎలా పడాలో, రుమాలు ఎంత ఎత్తుకు పోవాలో అందులో వేలు పెట్టకండి. బ్యాగ్‌మన్ అంటే కార్యదర్శి. ఉత్తరాలు, ప్రోగ్రాం, సమాచారం, కాగితాలు అన్నీ ఆ మనిషివే. కొన్ని సైడ్లలో డబ్బు కూడా బ్యాగ్‌మన్ దగ్గరే ఉంటుంది, కొన్నిచోట్ల విడిగా ట్రెజరర్ ఉంటారు. విడిగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ప్రోగ్రాం ఒప్పుకునే మనిషే డబ్బు కూడా ఖర్చుపెడితే, ఎంత నిజాయితీగా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు మాట వస్తుంది.

పాత బ్యాగ్‌మన్ దగ్గర కూర్చుని మొదటి వారంలోనే ఇవి చేతికి తీసుకోండి: సైడ్ నిబంధనావళి, సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్లు, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, ప్రాక్టీసు హాలు బుకింగ్ కాగితం, సైడ్ సొంత సామాను జాబితా, పాత లాగ్ పుస్తకాలు. లాగ్ సంగతి చివర్లో చెప్తాను. ఈమెయిల్ పాస్‌వర్డ్ అడగడం మర్చిపోకండి. అది ఎవరి సొంత ఖాతాలోనో ఉంటే వెంటనే సైడ్ పేరుతో ఒక ఖాతా తెరవండి. మనుషులు మారతారు, ఉత్తరాలు మాత్రం ఒకేచోటికి రావాలి.

తర్వాత మీ సైడ్ ఏ సంస్థలో సభ్యత్వం తీసుకుందో చూడండి. మూడున్నాయి. మోరిస్ రింగ్ 1934లో పుట్టింది. అది చాలా కాలం పురుషుల బృందాలకే పరిమితమైంది, 2018 తర్వాత ఆ పద్ధతి మారింది. ఆడవాళ్ళ బృందాలకు చోటు లేకపోవడంతో 1975లో మహిళల మోరిస్ ఫెడరేషన్ మొదలై, తర్వాత అందరినీ కలుపుకుని మోరిస్ ఫెడరేషన్ అయింది. ఓపెన్ మోరిస్ 1979లో వచ్చింది. ఈ మూడూ కలిసి పనిచేసే ఉమ్మడి వేదిక కూడా ఉంది. మీ పని వరకు ముఖ్యమైనది ఒక్కటే: సభ్యత్వంతోపాటే సైడ్‌కు పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ళకు నష్టం జరిగితే పనికొచ్చేది) వస్తుంది. చందా కట్టడం తప్పితే అదీ పోతుంది. ఆ తేదీని ఫోన్‌లో, గోడమీద క్యాలెండర్‌లో, ట్రెజరర్ ఫోన్‌లో కూడా పెట్టించండి.

ఏడాదిని వెనక నుంచి లెక్కేసుకోండి

సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రాక్టీసు మొదలై చలికాలమంతా వారానికి ఒక సాయంత్రం హాల్లో నడుస్తుంది. మే 1 నుంచి వేసవంతా బయట ఆడతారు. వేసవి ప్రోగ్రాం ఏప్రిల్‌లో ఆలోచిస్తే ఏమీ మిగలదు. మంచి పబ్బులు, పక్క ఊరి సైడ్లు జనవరికే సాయంత్రాలు పంచుకుని ఉంటాయి. కాబట్టి నవంబరులో ఉత్తరాలు మొదలుపెట్టి, ఫిబ్రవరి చివరికి తేదీలు ఖాయం చేసి, మార్చిలో చిన్న కార్డు మీద ప్రోగ్రాం అచ్చువేయించండి. ఫోన్లున్న కాలంలో కార్డెందుకు అని సభ్యులు అడుగుతారు. పబ్ కౌంటర్ మీద ఉన్న కార్డు చూసి కొత్తవాళ్ళు వస్తారు, అందుకు.

తేదీలు వేసేముందు పెద్ద రోజులను అడ్డంగా గీసేయండి. మే 1 ఏ వారం వచ్చినా సరే, తెల్లవారుతుండగానే ఆడటం చాలా సైడ్లకు ఆనవాయితీ. దక్షిణ ఇంగ్లండ్‌లో ఆ రోజు సూర్యోదయం ఉదయం 5.30 ప్రాంతంలో. మే మొదటి సోమవారం సెలవు కలిసిన వారాంతంలో రోచెస్టర్‌లో స్వీప్స్ (పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్ళ) పండుగ. మే చివరి సోమవారం సెలవుకు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బాంప్టన్‌లో ఆ ఊరివాళ్ళే ఇళ్ళ తోటల్లో, వీధుల్లో ఆడతారు. జూన్ 19కి దగ్గర్లో వచ్చే శనివారం అబింగ్డన్‌లో ‘ఆక్ స్ట్రీట్ మేయర్’ అనే ఉత్తుత్తి మేయర్ ఎన్నిక, ఆ తర్వాత నాట్యం. ఆగస్టులో సిడ్మత్, విట్బీ జానపద ఉత్సవాలు. మీ సభ్యుల్లో సగంమంది వీటిలో దేనికో ఒకదానికి చూడ్డానికైనా వెళ్తారు. ఆ రోజున పెళ్ళి ప్రోగ్రాం ఒప్పుకుంటే తర్వాత మనుషుల కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

డిసెంబరు 26న, జనవరిలో ప్లౌ మండే (నాగలి సోమవారం) రోజున చలిలో ఆడే సైడ్లు కూడా ఉన్నాయి. మీదీ అలాంటిదైతే వాటిని కూడా రాసుకోండి.

ఆరుగురు, ఒక వాద్యం: దీన్నే ముందు చూడండి

బ్యాగ్‌మన్ పనిలో సగం టెన్షన్ ఇక్కడే. కాట్స్‌వోల్డ్ కొండల ప్రాంతపు పద్ధతి డ్యాన్స్‌లు ఎక్కువ భాగం ఆరుగురివి. నార్త్ వెస్ట్ (వాయవ్య ఇంగ్లండ్) పద్ధతికి ఎనిమిదిమందో అంతకన్నా ఎక్కువమందో కావాలి. ఇంగ్లండ్ ఈశాన్యంలోని రాపర్ కత్తి నాట్యానికి అయిదుగురు. కోలాటంలో ఒక జత తగ్గితే వరుస ఎలా తప్పుతుందో ఇక్కడా అంతే. అయిదుగురితో ఆరుగురి డ్యాన్స్ ఆడలేరు. పన్నెండుమంది వచ్చినా వాయించే మనిషి లేకపోతే కాన్సర్టినా (చేతుల మధ్య తిత్తిని ఒత్తి వాయించే చిన్న వాద్యం) పెట్టె మూతే తీయరు, అందరూ ఇంటికి పోవాల్సిందే.

అందుకే ప్రోగ్రాం ఖాయమైన రోజే ఒక పట్టిక వేయండి. అడ్డంగా తేదీలు, నిలువుగా పేర్లు. గూగుల్ షీట్ అయినా చాలు, హాలు గోడకు అంటించిన కాగితమైనా చాలు. వాద్యకారుల పేర్లు పైన, విడిగా రాయండి. ప్రతి ఒక్కరూ వస్తాను, రాను అని మాత్రమే రాయాలి. "చూద్దాం" అని రాసినవాళ్ళను రానట్టే లెక్కపెట్టండి. వస్తే సంతోషం. ఒక తేదీకి ఎనిమిదిమంది నాట్యకారులు, ఇద్దరు వాద్యకారులు కనబడితే నిశ్చింతగా ఉండొచ్చు. ఆరుగురే కనబడితే, అందులో ఒకరి మోకాలు ఎలా ఉందో కూడా మీకు తెలిసి ఉండాలి.

పది రోజుల ముందు పట్టిక మళ్ళీ చూడండి. తక్కువైతే గ్రూపులో "ఎవరైనా రాగలరా?" అని పెట్టకండి. అందరినీ అడిగితే ఎవరికి వాళ్ళు ఇంకొకరు వెళ్తారులే అనుకుంటారు. ఇద్దరు ముగ్గురికి విడివిడిగా ఫోన్ చేయండి. అప్పటికీ చాలకపోతే పక్క సైడ్ బ్యాగ్‌మన్‌కు ఫోన్ చేసి ఆ సాయంత్రం కలిసి ఆడదామని అడగండి. మోరిస్ లోకంలో ఇది చాలా మామూలు విషయం. రేపు వాళ్ళకి అవసరం వస్తే మీరూ వెళ్ళాలి, అంతే.

ఆడే చోటు ఖాయం చేయడం

పబ్ అయితే యజమానితో నేరుగా మాట్లాడండి. ఆ సాయంత్రం లోపల క్విజ్ ఉందా, మైకులో పాటల కార్యక్రమం ఉందా అడగండి. తర్వాత ఒకసారి వెళ్ళి నేల చూడండి. గులకరాళ్ళు, వాలు, పక్కనే బస్‌స్టాప్, బయట బల్లలు ఇవన్నీ ఫోన్‌లో తెలియవు. ఆరుగురు రెండు వరుసల్లో నిలబడి చేతులు చాపి ముందుకు వెనక్కి కదిలేంత చోటు, చుట్టూ జనం నిలబడటానికి ఇంకొంత చోటు కావాలి.

లైసెన్సు గురించి పబ్ వాళ్ళు భయపడితే ఒక సంగతి చెప్పండి. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 2003 లైసెన్సింగ్ చట్టం మోరిస్ డ్యాన్స్‌ను, అలాంటి నాట్యాలను, వాటికి తోడుగా అక్కడే వాయించే సంగీతాన్ని వినోద లైసెన్సు అవసరం లేని జాబితాలో పేరు పెట్టి చేర్చింది. ఒక జానపద నాట్యం పేరు దేశ చట్టంలో ఉండటం చిన్న విషయం కాదు. మన ఆటలకు కూడా అలాంటి రక్షణ ఉంటే బాగుండునని చదివినప్పుడల్లా అనిపిస్తుంది. కాకపోతే ఆ మినహాయింపు వినోద లైసెన్సు వరకే. మార్కెట్ కూడలి, పార్కు, చర్చి ఆవరణ లాంటి చోట్ల ఆ స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి విడిగా తీసుకోవాలి. రోడ్డుకు అడ్డంగా ఆడకూడదు. దానధర్మాల కోసం వీధిలో డబ్బా పట్టాలంటే కౌన్సిల్ దగ్గర వీధి వసూలు అనుమతి తీసుకుని, తర్వాత లెక్క కూడా పంపాలి.

కౌన్సిళ్ళు, ఉత్సవ నిర్వాహకులు రెండు కాగితాలు అడుగుతారు: ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, రిస్క్ అసెస్‌మెంట్ (ఏ ప్రమాదాలు రావచ్చో, వాటిని ఎలా తప్పిస్తారో రాసిన కాగితం). రెండోదాన్ని ఎక్కడో దొరికిన నమూనా నుంచి దించేయకండి. మీ సైడ్ నిజంగా చేసేది రాయండి. కర్రలు ఎక్కువగా యాష్, హేజెల్ చెట్లవి. కొడుతూ కొడుతూ చివర పీచులేస్తుంది, ఎండిపోయిన కర్ర ఒక్క దెబ్బకు చీలి ముక్క జనంలోకి ఎగురుతుంది. ఆడబోయే ముందు ప్రతి కర్ర చివరా బొటనవేలితో తడిమి చూడటం, పీచు లేచినదాన్ని పక్కన పడేయడం, సంచిలో అదనపు కర్రలు ఉంచుకోవడం, చిన్నపిల్లలను కర్ర అందనంత దూరంలో నిలబెట్టడం, తడి రాళ్ళ మీద ఎగిరే డ్యాన్స్‌లు మానుకోవడం. ఇవి రాస్తే చాలు, ఇవే చేస్తే ఇంకా మంచిది. పబ్లిక్ లయబిలిటీ ముఖ్యంగా ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి. మీ సభ్యుడి వేలు విరిగితే ఏమిటన్నది పాలసీ చదివి విడిగా తెలుసుకోండి.

పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు సైడ్‌లో ఉంటే బాలల రక్షణ విధానం కాగితం మీద ఉండాలి, దానికి ఒక బాధ్యుడు కూడా. ఇందులో బద్ధకం పనికిరాదు.

వార్త ఎలా పంపాలి

సైడ్ లోపలి వార్తలు వారానికి ఒక్కసారి, ఒకే రోజున పంపండి. ప్రాక్టీసు మర్నాడు ఉదయం బాగా కుదురుతుంది. రోజుకు నాలుగు మెసేజీలు పెడితే అయిదోది ఎవరూ చదవరు. మొదటి లైనులో తేదీ, చోటు రావాలి. మీ అభిప్రాయాలు, ధన్యవాదాలు తర్వాత. భాష ఇంగ్లీషే అయినా వరుస ఇలా ఉండాలి:

"మే 1, శుక్రవారం. ఊరి చెరువు పక్కన పచ్చిక. 4.50కల్లా చర్చి వెనక కార్ పార్కులో ఉండండి, నాట్యం 5.15కు. పోస్ట్‌కోడ్ ఇదీ. పూర్తి వేషం, గజ్జెలు చేరాకే కట్టుకోండి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నిద్రలో ఉంటారు. కర్రల సంచి స్క్వైర్ తెస్తారు. వాన పడితే మార్కెట్ హాలు చూరు కింద. టిఫిన్ 7 గంటలకు, రానివాళ్ళు బుధవారంలోగా చెప్పండి."

ఇందులో ప్రతి వాక్యం ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగబోయే ప్రశ్నకు జవాబు. వాన సంగతి రాయని మెసేజ్ పంపితే ఆ తెల్లవారుజామున మీ ఫోన్ ఆగకుండా మోగుతుంది.

బయటివాళ్ళకు వార్త వేరుగా రాయాలి. స్థానిక పత్రికకు, ఊరి ఫేస్‌బుక్ పేజీకి పంపేటప్పుడు సైడ్ లోపలి మాటలు వద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఉచితమా, పిల్లల్ని తీసుకురావచ్చా, నేర్చుకోవాలంటే ఎవరిని కలవాలి. ఒక మంచి ఫోటో చేర్చండి, అందులో కదలిక ఉండాలి. ఫోటోలో పిల్లలుంటే తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. సభ్యుల ఈమెయిళ్ళు ఒకరివి ఒకరికి కనబడకుండా బీసీసీలో పెట్టండి. యూకే డేటా రక్షణ నియమాలు చిన్న క్లబ్బులకూ వర్తిస్తాయి.

కష్టమైన వార్తలూ వస్తాయి. 2020 జులైలో మూడు సంస్థలూ కలిసి, ముఖమంతా నల్లరంగు పూసుకునే పద్ధతిని తమ సభ్య బృందాల్లో లేకుండా చేస్తామని ప్రకటించాయి. వేల్స్ సరిహద్దు ప్రాంతపు బోర్డర్ పద్ధతి ఆడే కొన్ని సైడ్లలో అది ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. చాలా సైడ్లు నీలం, ఆకుపచ్చ లాంటి రంగులకో ముసుగులకో మారాయి. మార్పు సరైనదేనని నా గట్టి నమ్మకం. ఒంటిరంగు కారణంగా చులకనకు గురైనవాళ్ళు గుంపులో నిలబడి ఆ ముఖాలను చూస్తే ఏమనిపిస్తుందో, దానికి ఏ సంప్రదాయమూ జవాబు చెప్పలేదు. ఇలాంటి నిర్ణయం సైడ్‌కు చెప్పాల్సి వచ్చినప్పుడు వారపు మెసేజ్‌లో ఆరో అంశంగా పెట్టకండి. ప్రాక్టీసు రోజున స్క్వైర్ నోటితో, అందరూ కూర్చున్నాక చెప్పించండి. సంస్థ ప్రకటనను ఉన్నదున్నట్టుగా చదవండి, మాట్లాడాలనుకున్నవాళ్ళందరినీ మాట్లాడనివ్వండి, ఆ రాత్రే నిర్ణయాన్ని రాతలో పంపండి. గ్రూపులో వాదన మొదలైతే అక్కడ జవాబివ్వకుండా ఫోన్ చేయండి.

సభ్యుల్లో ఎవరైనా పోతే ముందు కుటుంబాన్ని అడగండి: ఎవరికి చెప్పొచ్చు, ఎప్పుడు చెప్పొచ్చు. వాళ్ళు సరేనన్నాకే సైడ్‌కు, తర్వాత పాత సభ్యులకు, ఆ తర్వాత తెలిసిన ఇతర సైడ్లకు. అంత్యక్రియల దగ్గర ఆడమని కుటుంబం కోరడం కద్దు. అప్పుడు ఏ డ్యాన్స్, ఎవరు, ఎక్కడ నిలబడాలి, గజ్జెలు ఉండాలా వద్దా అన్నది వాళ్ళు చెప్పినట్టే.

డబ్బు

ఇది క్లుప్తంగా చెప్తాను. బ్యాంకు ఖాతా సైడ్ పేరున, ఇద్దరి సంతకాలతో. ఆట మధ్య టోపీ పట్టి వసూలుచేసిన చిల్లర ఆ రాత్రే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, మొత్తం రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఏ సంస్థకు విరాళమని చెప్పి వసూలు చేశారో ఆ డబ్బు పైసాతో సహా దానికే పోవాలి. పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు ఎంత తీసుకోవాలో సైడ్ ముందే తీర్మానం చేసి పెట్టుకుంటే, ఎవరో అడిగినప్పుడల్లా బేరం ఆడే పని ఉండదు.

లాగ్ రాయండి

ప్రతి ఆట తర్వాత, ఆ వారంలోనే, లాగ్ పుస్తకంలో ఒక పేజీ. తేదీ, చోటు, వాతావరణం, ఎవరు ఆడారు, ఎవరు వాయించారు, ఏ డ్యాన్స్‌లు ఏ వరుసలో, ఎక్కడ తప్పింది, ఎవరు మొదటిసారి బయట ఆడారు, వసూలు ఎంత. పబ్ వాళ్ళు ఎలా చూశారో కూడా రాయండి, వచ్చే ఏడాది ఆ తేదీ వేసేటప్పుడు పనికొస్తుంది. చేతిరాతతో పుస్తకంలో రాసి, నెలకోసారి పేజీలు స్కాన్ చేసి దాచండి.

ఎందుకింత పట్టుదల అంటే, ఈ నాట్యం మనదాకా వచ్చింది రాతల వల్లే. 1899 డిసెంబరు 26న ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న హెడింగ్టన్‌లో, పనుల్లేని చలికాలంలో నాలుగు డబ్బులు దొరుకుతాయని అక్కడి బృందం అకాలంలో ఆడింది. కాన్సర్టినా వాయించినది విలియం కింబర్ అనే మేస్త్రీ. అది చూసిన సంగీత ఉపాధ్యాయుడు సెసిల్ షార్ప్ కింబర్‌ను మళ్ళీ పిలిపించుకుని ఆ బాణీలు రాసుకున్నాడు. తర్వాతి ఏళ్ళలో ఊరూరా తిరిగి, ముసలి నాట్యకారులను కూర్చోబెట్టి అడుగులు కూడా రాసుకున్నాడు. అప్పటికే చాలా ఊళ్ళలో ఆట ఆగిపోయింది. 1916లో ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో షార్ప్ ప్రదర్శన బృందంలోని జార్జ్ బటర్‌వర్త్, ఆయన తోటివాళ్ళు మరికొందరు చనిపోయారు. వాళ్ళ కాళ్ళకు తెలిసినదంతా వాళ్ళతోనే పోయేది, ముందే కాగితం మీద పెట్టకపోయి ఉంటే. మీ ఫోర్‌మన్ ఒక డ్యాన్స్‌లో చిన్న మార్పు చేస్తే, పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ రాసిపెట్టండి. వీలైతే ప్రాక్టీసులో వీడియో తీసి తేదీతో దాచండి.

వార్షిక సమావేశం, అప్పగింత

ఏజీఎం తేదీ నిబంధనావళిలో ఎన్ని రోజుల ముందు చెప్పమని ఉందో అన్ని రోజుల ముందే పంపండి. ఎజెండా ఒక పేజీ దాటనివ్వకండి: పోయినసారి మినిట్స్, స్క్వైర్, ఫోర్‌మన్, బ్యాగ్‌మన్ నివేదికలు, లెక్కలు, చందా, ఎన్నికలు. లెక్కలు ముందురోజే అందరికీ పంపితే సమావేశంలో అరగంట మిగులుతుంది. మినిట్స్ వారంలోగా పంపండి. ఎవరేమన్నారో కాదు, ఏం నిర్ణయించారో, ఎవరు ఎప్పటికి చేస్తారో రాయండి.

మీ తర్వాతి మనిషి దొరికాక సంచి అప్పగించడంతో పని అయిపోదు. ఒక ఏడాది పక్కన ఉండండి. ఏ పబ్ యజమాని ఈమెయిల్ చూడడు, ఫోనే చేయాలి, ఏ ఉత్సవం వాళ్ళు డబ్బు ఆలస్యంగా ఇస్తారు, హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది లాంటివి ఒక కాగితం మీద రాసివ్వండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్పించండి, బ్యాంకులో మీ సంతకం ఉంటే తీయించండి. మీ సైడ్ సభ్యత్వం ఉన్న సంస్థకు కొత్త బ్యాగ్‌మన్ పేరు, చిరునామా మీరే రాసి పంపండి. చందా నోటీసు, దానితోపాటు ఇన్సూరెన్స్ కాగితాలు వచ్చేది వాళ్ళ దగ్గర నమోదైన ఆ చిరునామాకే.